పెట్టెలో పట్టిన ప్రతిధ్వని

ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్ళ పాదాల దగ్గర ఏముంటుందో ఎప్పుడైనా గమనించారా? అరచేతిలో పట్టేంత రేకు పెట్టెలు, రంగురంగులవి, వరసగా పేర్చి ఉంటాయి. పాట నడుస్తుండగానే వాయించేవాడు వాటిలో ఒకదాన్ని కాలితో నొక్కుతాడు. అంతే, గిటారు నాదం మారిపోతుంది. ఒక పెట్టె నొక్కితే మీటిన ప్రతి స్వరమూ కొండకు తగిలి వచ్చినట్టు రెండు మూడుసార్లు మళ్ళీ వినిపిస్తుంది. ఇంకో పెట్టె నొక్కితే గిటారు ఏదో పెద్ద రాతి మంటపంలో మోగుతున్నట్టు ఉంటుంది. మొదటి పెట్టె పేరు డిలే. రెండోదాని పేరు రివర్బ్. డిలే అంటే ఆలస్యం. రివర్బ్ అంటే మీ పాఠ్యపుస్తకంలో ప్రతినాదం అని ఉంటుందే, అదే.

ఈ రెండు పెట్టెల విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. ముందే చెప్పేస్తాను. కారణాలు కూడా మీ ముందు పెడతాను. ఒప్పుకుంటారో, కాదంటారో మీ ఇష్టం. ఈ పెట్టెలు కాలాన్ని, దూరాన్ని లెక్కగట్టే సాధనాలు. ఆ లెక్క తెలిసినవాడికి కొంచెం వాడితేనే పని జరుగుతుంది. తెలియనివాడు వీటిని అలంకారం అనుకుని మరలు చివరిదాకా తిప్పుతాడు, ఉన్న పాటను కూడా పోగొట్టుకుంటాడు. కాబట్టి మర తిప్పడం తర్వాత. ముందు లెక్క నేర్చుకోవాలి.

"గిటారే లేని మాకు ఈ గొడవ ఎందుకు?" అని మీలో చాలామంది అడగొచ్చు. కాస్త ఓపిక పట్టండి. ఈ పెట్టెల్లో జరిగేదే మీ తరగతి గదిలోనూ, పెళ్ళి హాల్లోనూ జరుగుతుంది. అక్కడ నష్టపోయేది చివరి బెంచీలో కూర్చున్న పిల్లవాడు. ఆ సంగతికి చివర్లో వద్దాం.

గది లేని వాద్యం

వీణకు కుండ ఉంది. మామూలు గిటారుకు బోలు పెట్టె ఉంది. తీగ కదిలితే ఆ బోలు భాగం కూడా కదిలి, చుట్టూ ఉన్న గాలిని కదిలిస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్లలో ఎక్కువ వాటికి ఈ కడుపు ఉండదు. అది ఒక గట్టి చెక్క పలక. దాని మీద ఉక్కు తీగలు, వాటి కింద సన్నని రాగి తీగ చుట్టిన అయస్కాంతాలు ఉంటాయి. ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారుతుంది, రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇక్కడ పనిచేస్తోందన్నమాట. ఆ చిన్న విద్యుత్తును యాంప్లిఫయరు పెద్దది చేసి స్పీకరుకు పంపుతుంది.

ఇందులో ఒక విశేషం చూడండి. తీగ నుంచి యాంప్లిఫయరు దాకా ఆ సంకేతం గాలిలో ప్రయాణించనే లేదు. గోడను తాకలేదు. పైకప్పును తాకలేదు. రికార్డింగు చేసేటప్పుడు మైకును స్పీకరుకు ఆనించి పెడితే, లేదా వైరును నేరుగా యంత్రానికి తగిలిస్తే, వినిపించేది ఏ గదికీ చెందని నాదం. సంగీతం వాళ్ళు దీన్ని పొడి నాదం అంటారు. మన చెవి మాత్రం పుట్టినప్పటి నుంచీ గదుల్లోనూ, వీధుల్లోనూ, గోడల మధ్యా వినడానికి అలవాటు పడింది. పొడి నాదం దానికి బోసిగా తోస్తుంది. ఆ లోటు తీర్చడానికే ఈ పెట్టెలు పుట్టాయి.

ఒకటే సంగతి, రెండు పేర్లు

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మీరు గోడకు 17 మీటర్ల దూరంలో నిలబడి చప్పట్లు కొడితే, శబ్దం వెళ్ళి రావడానికి 34 మీటర్లు. అంటే సెకనులో పదోవంతు. అంత ఎడం ఉంటే చెవి చప్పట్లను వేరుగా, ప్రతిధ్వనిని వేరుగా గుర్తుపడుతుంది.

గోడ మరీ దగ్గరగా ఉంటే? 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు దీన్ని జాగ్రత్తగా పరీక్షించాడు. రెండు స్పీకర్లలో ఒకే మాటలను, ఒకదాని కంటే ఇంకొకటి కాస్త ఆలస్యంగా వినిపించాడు. ఆ ఆలస్యం సెకనులో వెయ్యింట 30 వంతుల లోపు ఉంటే విన్నవాళ్ళకు రెండు శబ్దాలు వినపడలేదు. ముందు మోగిన స్పీకరు వైపు నుంచి ఒక్క శబ్దమే, కాస్త నిండుగా వస్తున్నట్టు అనిపించింది. ఇక్కడి నుంచి సెకనులో వెయ్యో వంతును మిల్లీసెకను అందాం. డిలే పెట్టెల మీద రాసి ఉండేది ఈ లెక్కే.

కాబట్టి చెవి దగ్గర ఒక పట్టీ ఉందనుకోండి. 30 మిల్లీసెకన్ల లోపు తిరిగొచ్చినది అసలు శబ్దంలో కలిసిపోతుంది. సుమారు 100 మిల్లీసెకన్లు దాటి ఒంటరిగా వచ్చినది ప్రతిధ్వని అవుతుంది. ఇక నాలుగు గోడలు, నేల, పైకప్పు తాకి, మళ్ళీ మళ్ళీ తాకి, ఒకదాని మీద ఒకటి పడుతూ వందల వేల ప్రతిధ్వనులు గుంపుగా వస్తే? చెవి లెక్కపెట్టలేదు. అన్నీ కలిసి ఒక తోకలాగా సాగి, నెమ్మదిగా సన్నగిల్లుతాయి. అదే ప్రతినాదం.

చూశారా? డిలే, రివర్బ్ అని రెండు పేర్లు పెట్టినా ఉన్నది ఒక్కటే: శబ్దం తిరిగి రావడం. ఎంతసేపటికి వచ్చింది, ఎన్ని వచ్చాయి అన్నదే తేడా. చినుకులు లెక్కపెట్టగలిగితే డిలే, జడివాన అయితే రివర్బ్.

ఆలస్యాన్ని ఎలా పట్టారు?

మొదట ఈ పని చేసింది టేపు రికార్డరు. టేపు యంత్రంలో రికార్డు చేసే హెడ్డు ఒకచోట, దాన్ని చదివి వినిపించే హెడ్డు కాస్త అవతల ఉంటాయి. టేపు మొదటి హెడ్డు నుంచి రెండోదాన్ని చేరేదాకా ఎంతసేపు పడుతుందో అంత ఆలస్యం. హెడ్ల మధ్య దూరం 5 సెంటీమీటర్లు, టేపు వేగం సెకనుకు 38 సెంటీమీటర్లు అనుకుంటే, 5ను 38తో భాగించండి. 0.13 సెకను, అంటే 130 మిల్లీసెకన్లు. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం. ఏడో తరగతి లెక్క!

అమెరికాలోని మెంఫిస్ నగరంలో సన్ రికార్డింగు కంపెనీ నడిపిన సామ్ ఫిలిప్స్ 1950లలో ఇలాగే రెండు టేపు యంత్రాలతో ఒక్కసారి మాత్రం తిరిగొచ్చే చిన్న ప్రతిధ్వనిని చేశాడు. 1954లో ఎల్విస్ ప్రెస్లీ అక్కడే పాడాడు. అతని పక్కన గిటారు వాయించిన స్కాటీ మూర్‌కు ఆ నాదం వేదిక మీద కూడా కావలసి వచ్చింది. రే బట్స్ అనే ఆయన టేపు ప్రతిధ్వనిని యాంప్లిఫయరు లోపలే అమర్చి ఇచ్చాడు. ఇంగ్లండులో 1958లో చార్లీ వాట్కిన్స్ కాపీక్యాట్ అనే చిన్న టేపు పెట్టెను అమ్మకానికి తెచ్చాడు. 1974లో జపానుకు చెందిన రోలాండ్ కంపెనీ తెచ్చిన స్పేస్ ఎకోలో టేపు డిలే, స్ప్రింగు రివర్బ్ రెండూ ఒకే పెట్టెలో ఇమిడాయి.

టేపు అరిగిపోతుంది, సాగుతుంది, తెగుతుంది. దానికి బదులు మరొకటి కావాలి. 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో శాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు ఒక ఉపాయం కనిపెట్టారు. ఊళ్ళో ఇల్లంటుకున్నప్పుడు బావి నుంచి ఇంటిదాకా మనుషులు వరసగా నిలబడి నీళ్ళ బిందెలు చేతులు మార్చుకుంటారు కదా? వాళ్ళ చిప్పులో మనుషుల స్థానంలో చిన్న చిన్న కెపాసిటర్లు ఉంటాయి, నీళ్ళకు బదులు విద్యుదావేశం ఉంటుంది. లోపలి గడియారం టక్కుమన్నప్పుడల్లా ఆవేశం ముందుకు చేతులు మారుతుంది. ఇంగ్లీషులో దీని పేరే బకెట్ల వరస అని అర్థం వచ్చేట్టు పెట్టారు. 4096 మెట్లున్న చిప్పులో గడియారపు ఒక్కో దెబ్బకు ఆవేశం రెండు మెట్లు కదులుతుంది. గడియారం సెకనుకు 10,000 దెబ్బలు కొడితే చివరికి చేరడానికి 2048 దెబ్బలు, అంటే సుమారు 0.2 సెకను. ఎక్కువ ఆలస్యం కావాలంటే గడియారాన్ని నెమ్మదిగా నడపాలి. నెమ్మదిగా నడిపితే సన్నని హెచ్చు స్వరాలను సరిగ్గా మోయలేదు. వాటిని ముందే వడగట్టాలి. అందుకే ఈ రకం పెట్టెలో ప్రతిధ్వని కాస్త మొద్దుగా వస్తుంది. ఆ మొద్దుతనాన్ని ఇష్టపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దూరం నుంచి వచ్చే శబ్దం కూడా అలాగే ఉంటుంది, అసలు స్వరానికి అడ్డం రాదు.

ఆ తర్వాత అంకెల కాలం వచ్చింది. 1983లో జపాను కంపెనీ బాస్ కాలితో నొక్కే చిన్న పెట్టెలోనే డిజిటల్ డిలే పెట్టింది. ఇందులో శబ్దాన్ని సెకనుకు వేల సార్లు కొలిచి, ఆ అంకెలను జ్ఞాపకంలో దాచి, కావలసినంత సేపు ఆగి తిరిగి చదువుతారు. సెకనుకు 44,100 సార్లు కొలిస్తే, అర సెకను ఆలస్యానికి 22,050 అంకెలు దాచాలి. ఇప్పుడు ఈ పని సెల్‌ఫోనే చేసేస్తుంది.

మూడు మరలు, మూడు ప్రశ్నలు

ఏ కాలపు డిలే పెట్టె తీసుకున్నా ముఖ్యమైన మరలు మూడే. మొదటిది కాలం. గోడ ఎంత దూరంలో ఉంది అని అది అడుగుతుంది. 300 మిల్లీసెకన్లు పెట్టారంటే శబ్దం 102 మీటర్లు తిరిగొచ్చినట్టు. అంటే 51 మీటర్ల దూరంలో ఒక గోడ కట్టినట్టు.

రెండోది తిరుగు మర. వచ్చిన ప్రతిధ్వనిలో ఎంత భాగాన్ని మళ్ళీ లోపలికి పంపాలి అన్నది దీని ప్రశ్న. కర్ణాటకలోని విజయపురలో గోల్ గుంబజ్ చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ ఒక్కసారి చప్పట్లు కొడితే అనేకసార్లు తిరిగి వినిపిస్తుంది. పెట్టెలో సగం వెనక్కి పంపితే రెండో ప్రతిధ్వని మొదటిదానిలో సగం, తర్వాతది పావు, ఆ తర్వాతది అరపావు. పది తిరుగుళ్ళయ్యేసరికి 1024లో ఒక వంతు మిగులుతుంది, వినపడదు. పదింట తొమ్మిది వంతులు పంపారనుకోండి, పది తిరుగుళ్ళ తర్వాత కూడా మూడోవంతుకు పైగా అలాగే ఉంటుంది. ఒకటికి మించి పంపితే తిరిగినకొద్దీ పెరిగి పెట్టె ఊళ పెట్టడం మొదలుపెడుతుంది. గుణశ్రేఢి అంటే ఏమిటో చెవితో వినాలంటే ఇంతకంటే మంచి పాఠం లేదు.

మూడోది కలుపు మర. పొడి నాదంలో ఎంత తడి కలపాలి అని అడిగేది ఇది. అందరూ పాడుచేసేది దీనితోనే.

కాలం మరను పాట నడకతో కలపాలి. నిమిషానికి 120 దెబ్బల నడక అయితే, 60,000 మిల్లీసెకన్లను 120తో భాగించండి, దెబ్బకు 500. ముప్పావు దెబ్బ అంటే 375. ఐర్లండుకు చెందిన యూ టూ బృందంలో ఎడ్జ్ అనే పేరుతో వాయించే గిటారు కళాకారుడు ఈ ముప్పావు లెక్కతోనే పేరు తెచ్చుకున్నాడు. అతను మీటే స్వరాల సందుల్లోకి పెట్టె స్వరాలు వచ్చి పడతాయి. వాయించేది ఒకడైనా ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. అదే పాటకు ఏ 430నో పెట్టి చూడండి. ప్రతి తిరుగుడూ తాళం తప్పిన తప్పెట అవుతుంది.

గదిని ఎలా పట్టారు?

ప్రతినాదాన్ని లెక్కలోకి తెచ్చిన ఘనత వాలెస్ సబైన్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్తది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో మాటలు అర్థం కావడం లేదని ఆయనకు అప్పగించారు. ఆయన రాత్రిపూట, ఊరు నిద్రపోయాక, ఒక ఆర్గన్ గొట్టాన్ని మోగించి ఆపి, శబ్దం పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఎంతసేపో కొలిచేవాడు. ఖాళీ గదిలో ఐదున్నర సెకన్లు పట్టింది! పక్కనున్న నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి కొన్ని కొన్ని చొప్పున పరుస్తూ మళ్ళీ మళ్ళీ కొలిచాడు. మెత్తలు పెరిగినకొద్దీ కాలం తగ్గింది. తెల్లవారేలోగా మెత్తలన్నీ తిరిగి పెట్టేయాలి సుమా!

ఆ శ్రమకు ఫలం ఒక చిన్న సూత్రం. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 0.161తో గుణించండి. దాన్ని గదిలో శబ్దాన్ని మింగే మొత్తం వైశాల్యంతో భాగించండి. వచ్చింది ప్రతినాద కాలం. మింగే వైశాల్యానికి ఆయన కొలమానం తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కాబట్టి, ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ ఒక చదరపు మీటరు పూర్తి మింగుడుతో సమానం. ఈ లెక్కతోనే బోస్టన్ నగరపు సంగీతశాలకు ఆయన సలహా ఇచ్చాడు. 1900లో తెరిచిన ఆ శాలను ఈనాటికీ ప్రపంచంలోని మేలైన సంగీతశాలల్లో ఒకటిగా చెబుతారు.

రికార్డింగు చేసేవాళ్ళు మొదట నిజమైన గదినే వాడుకున్నారు. 1947లో షికాగోలో బిల్ పట్నం అనే ఇంజనీరు హార్మోనికా బృందం పాటకు ప్రతినాదం కోసం స్నానాల గదిలో స్పీకరు, మైకు పెట్టాడు. నున్నటి పలకల గోడలు శబ్దాన్ని మింగవు కదా! స్నానాల గదిలో ప్రతివాడి గొంతూ బాగుండటానికి కారణం కూడా ఇదే. 1957లో జర్మనీలో ఇ.ఎం.టి. కంపెనీ గదికి బదులు సుమారు రెండు మీటర్ల పొడవు, మీటరు ఎత్తు ఉన్న పల్చటి ఉక్కు రేకును వేలాడదీసింది. రేకులో ఒకచోట కంపనం పుట్టిస్తే అది అంచులకు తగిలి తిరుగుతుంది; ఇంకోచోట దాన్ని పట్టుకుంటారు. అయితే ఆ యంత్రం బరువు రెండు వందల కిలోలకు పైనే. గిటారు వాడు భుజాన వేసుకుని పోలేడు.

గిటారుకు దక్కింది స్ప్రింగు. హామండ్ ఆర్గన్లలో అప్పటికే ఉన్న ఉపాయాన్ని అమెరికాలో ఫెండర్ కంపెనీ 1961లో విడి పెట్టెగా చేసింది. రెండేళ్ళకు యాంప్లిఫయరు లోపలే పెట్టింది. చుట్టచుట్టుకున్న తీగలో కంపనం నెమ్మదిగా నడిచి, కొసకు తగిలి వెనక్కి వస్తుంది, మళ్ళీ తగిలి మళ్ళీ వస్తుంది. హెచ్చు స్వరాలు, తగ్గు స్వరాలు ఒకే వేగంతో పోవు కాబట్టి నీటి చుక్క రాలినట్టు ఒక వింత శబ్దం కలుస్తుంది. అలాంటి యాంప్లిఫయరును కాలితో తన్నితే లోపల స్ప్రింగు ఊగి ఉరుము ఉరిమినట్టు వినిపిస్తుంది.

ఇక అంకెలతో గదిని కట్టినవాడు బెల్ పరిశోధనశాలకు చెందిన మాన్‌ఫ్రెడ్ ష్రోడర్. 1960ల మొదట్లో ఆయన కొన్ని డిలేలను ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని వెనక ఒకటి పేర్చి ప్రతినాదం తయారు చేయవచ్చని చూపాడు. ఇక్కడొక చిక్కు ఉంది. ఒక డిలే 30, ఇంకోటి 40 మిల్లీసెకన్లు పెడితే ప్రతి 120కి రెండూ ఒకచోట పడతాయి. ఆ దెబ్బలు గణగణమని రేకు డబ్బా మోతలాగా వినిపిస్తాయి. బదులుగా 31, 41 పెడితే? వాటి క.సా.గు. 1271. సెకను దాటేదాకా అవి కలవనే కలవవు. అందుకే ఉమ్మడి భాజకం లేని సంఖ్యలనే ఎంచుకోవాలి. క.సా.గు. ఎందుకు పనికొస్తుందని మీ లెక్కల మాస్టారిని ఎవరైనా అడిగితే ఈ జవాబు చెప్పండి.

ఎక్కువైతే ఏమవుతుంది?

ఇప్పుడు నా వాదనకు వస్తాను. "చెవి ఉంటే చాలు, లెక్కెందుకు? సామ్ ఫిలిప్స్ ఏ సూత్రం చూసి చేశాడు?" అని గిటారు వాయించేవాళ్ళు కొందరు అంటారు. నిజమే, ఆయన పలక మీద లెక్క కట్టి ఉండకపోవచ్చు. కానీ ఆయన తరఫున యంత్రమే లెక్క కట్టింది. హెడ్ల మధ్య దూరం మారదు, టేపు వేగాలు ఒకటో రెండో. తప్పు చేయడానికి చోటే తక్కువ. ఇప్పటి పెట్టెలో ఒక మిల్లీసెకను నుంచి కొన్ని సెకన్ల దాకా ఏదైనా పెట్టొచ్చు. ఎంపిక పెరిగినకొద్దీ తెలివిడి కూడా పెరగాలి.

ఇంకొక వాదం ఉంది. "రివర్బ్ దండిగా వాడి గొప్ప పాటలు చేసినవాళ్ళు లేరా?" ఉన్నారు. 1960లలో కాలిఫోర్నియా సముద్రపు ఒడ్డున పుట్టిన సర్ఫ్ సంగీతం నిండా స్ప్రింగు రివర్బే. అక్కడ ఆ తడి నాదమే పాటకు ప్రాణం. కెరటాలను తలపించాలని కోరి వాడారు. కోరి ఎక్కువ వాడటం వేరు, తడబాటును కప్పిపుచ్చడానికి వాడటం వేరు. నేర్చుకునే పిల్లవాడు తాళం తప్పినా, స్వరం జారినా రివర్బ్ తోక దాన్ని కప్పేస్తుంది. తప్పు వినపడదు కాబట్టి దిద్దుకోడు. ఆరు నెలలు గడిచినా వేలు అక్కడే ఉంటుంది. అందుకే సాధన పొడి నాదంతోనే చేయాలని నా పట్టు.

మూడో తప్పు, అన్నింటికంటే పెద్దది, గది మీద గది కట్టడం. వాయించే హాలుకు దాని ప్రతినాదం దానికి ఉంటుంది. పాలరాయి నేల, అద్దాలు, బోడి గోడలు ఉన్న ఫంక్షన్ హాలు శబ్దాన్ని మింగదు. అలాంటి హాల్లో మైకు సెట్టు అతను ఎకో మర కూడా తిప్పుతాడు. వేదిక మీద పెద్దాయన ఆశీర్వచనం చెబుతుంటే వెనక వరసకు హోరు తప్ప ఒక్క మాట అందదు. నేను ఇలాంటి పెళ్ళిళ్ళకు ఎన్నింటికో వెళ్ళాను. మాట అర్థం కాలేదని ఎవరూ అడగరు. ఎకో ఉంటే ఘనంగా ఉంటుందని అందరి నమ్మకం.

మాట ఎందుకు పోతుందో చూడండి. మనం సెకనుకు నాలుగైదు అక్షరాలు పలుకుతాం. ప్రతినాదం రెండు సెకన్లు ఉంటే, ఇప్పుడు పలికే అక్షరం మీద ఇంతకుముందు పలికిన ఎనిమిది, పది అక్షరాల తోకలు పడి ఉంటాయి. అచ్చులు పొడుగ్గా, గట్టిగా ఉంటాయి. హల్లులు పొట్టిగా, బలహీనంగా ఉంటాయి. మునిగిపోయేవి హల్లులే. తల, కల, వల అన్న మూడు మాటల్లో తేడా అంతా మొదటి హల్లులోనే ఉంది. అది మునిగితే మూడూ ఒకటే.

ఇప్పుడు మీ తరగతి గదికి రండి. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు అనుకుందాం. ఘనపరిమాణం 168. దాన్ని 0.161తో గుణిస్తే 27. గోడలు, నేల, పైకప్పు కలిపి 194 చదరపు మీటర్లు. సున్నం గోడ, సిమెంటు నేల తమ మీద పడ్డ శబ్దంలో నూటికి సుమారు మూడు వంతులే మింగుతాయి. అంటే 5.8. గది ఖాళీగా ఉంటే ప్రతినాదం నాలుగున్నర సెకన్లకు పైనే! నలభై మంది పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరు 0.4 చదరపు మీటరు చొప్పున మింగితే 16 కలుస్తుంది. కాలం సుమారు 1.2 సెకన్లకు దిగుతుంది. ఐదు చదరపు మీటర్ల కిటికీలు తెరిస్తే ఒక సెకను. గోడకు గోనెగుడ్డో, మెత్తటి బోర్డులో ఒక 16 చదరపు మీటర్లు తగిలించి, అవి సగం మింగుతాయనుకుంటే 0.8కి లోపే. అమెరికాలో ఇంత గదికి పెట్టుకున్న ప్రమాణం 0.6 సెకను, అది కూడా పిల్లలు లేనప్పుడు.

చివరి బెంచీ పిల్లవాడికి పాఠం అర్థం కాకపోతే పరధ్యానం అంటాం. వాడికి టీచరు గొంతు నేరుగా అందేది తక్కువ, గోడల మీంచి తిరిగొచ్చేది ఎక్కువ. చెవి కాస్త మందమైన పిల్లలకు ఈ కష్టం రెట్టింపు. గొంతు పెంచినా లాభం లేదు. గొంతుతో పాటు తోక కూడా పెరుగుతుంది. తిప్పాల్సింది గొంతు మర కాదు, కలుపు మర. గదికి ఆ మర కిటికీల్లో, గోడ మీది గుడ్డలో ఉంది. బడులు కట్టేవాళ్ళు కిటికీలకు, రంగులకు లెక్క వేసినట్టే ప్రతినాదానికి కూడా లెక్క వేయాలని నేను గట్టిగా కోరుతున్నాను. సబైన్ సూత్రానికి నూరేళ్ళు దాటాయి. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

మీరు చేయగలిగిన పనులు

మొదటిది. బడి గోడకు ఎదురుగా 50 మీటర్ల దూరంలో, ఇతర గోడలు దగ్గర లేనిచోట నిలబడండి. ఒకే లయలో చప్పట్లు కొట్టండి. ప్రతిధ్వని సరిగ్గా రెండు చప్పట్ల నడుమ పడేదాకా వేగం సరిచేసుకోండి. అప్పుడు 20 ఎడాలకు ఎంతసేపు పట్టిందో గడియారంతో చూడండి. 12 సెకన్లకు కాస్త లోపు రావాలి. దాని నుంచి శబ్ద వేగం మీరే కట్టవచ్చు. మీరు విన్నది 294 మిల్లీసెకన్ల డిలే!

రెండోది. తరగతి గది ఖాళీగా ఉన్నప్పుడు ఒకరు గోడ దగ్గర నిలబడి తల, కల, వల, అల వంటి మాటలు వరస మార్చి పాతిక చదవండి. మరొకరు చివరి బెంచీలో కూర్చుని విన్నది విన్నట్టు రాయాలి. కిటికీలు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి, గోడకు దుప్పట్లు వేలాడదీసి ఒకసారి. తప్పులు లెక్కపెట్టి పట్టిక గీసి మీ హెడ్మాస్టరుగారికి చూపండి. వీధిలో రొద లేని వేళ చూసుకోండి, లేకపోతే కిటికీ తెరిచినప్పుడు లెక్క తారుమారవుతుంది.

మూడోది గిటారు ఉన్నవాళ్ళకు. పాటంతా ఒకసారి పెట్టెలన్నీ ఆపి వాయించండి. తర్వాత ఒక్కొక్కటే నొక్కి, అది లేనప్పుడు పాటకు ఏం తక్కువైందో ఒక మాటలో చెప్పండి. చెప్పగలిగితే ఆ పెట్టె ఉండనివ్వండి. చెప్పలేకపోతే కాలు తీసేయండి.